నలభై ఎనిమిది కిలోలు

నర్సింగ్ చదివి కడప నుంచి కర్నూలు వచ్చి, కల్లూరులో ఒంటిగది తీసుకున్నాను. మీసం ఉన్నా పేషెంట్లు నన్ను సిస్టర్ అనే పిలిచేవాళ్లు. నా పేరు జీతం రోజున మాత్రం వినపడేది.

ఆ మధ్యాహ్నం ఐసీయూలో ఒక పెద్దమ్మకు బీపీ పడిపోయింది. కిలో బరువుకు నిమిషానికి ఐదు మైక్రోగ్రాముల చొప్పున, బీపీ లేపే డోపమిన్ పెట్టమన్నారు డాక్టరు. మందు ఎక్కించే పంపుకు మాత్రం గంటకు ఎన్ని మిల్లీలీటర్లో చెప్పాలి. తక్కువైతే బీపీ లేవదు. ఎక్కువైతే, అసలే దడదడలాడుతున్న గుండె ఇంకా పరుగెత్తుతుంది. ఐదును బరువుతోనూ అరవై నిమిషాలతోనూ గుణించి, మిల్లీలీటరులో ఉండే నాలుగువేల మైక్రోగ్రాములతో భాగించాను. ఫైల్లో బరువు అరవై. నాలుగున్నర వచ్చింది. సినిమాలో అయితే ఇక్కడ ఉరుములు వినిపిస్తాయి. మాకు ఏసీ కారి బకెట్లో టప్‌టప్ మంటోంది.

రెండో నర్సు విడిగా లెక్కవేసి సంతకం పెట్టాలి. ఆ డ్యూటీలో ఉన్న సీనియర్ అక్కకూ నాలుగున్నరే వచ్చింది. అయినా పెన్ను ఆపింది.

“ఈమె అరవై ఉంటాదా తమ్ముడూ?”

“ఫైల్లో అట్లనే ఉండాది కదక్కా.”

“మంచం మీద పండుకునింది ఫైలా?”

ఫైల్లో బరువు పక్కనున్న తేదీ చూశాను. నిరుటిది. ఆ మంచానికి తూకం లేదు. తలుపు బయట ఆమె భర్త, కిరాణా అంగడాయన, నిలబడి ఉన్నాడు. ఆమె బరువెంతో తెలుసా అని అడిగాను.

“నలభై ఎనిమిది,” అన్నాడు తడుముకోకుండా. “మొన్ననే మా అంగట్లో బస్తాల కాటా మీద నిలబెడితి. నెలనెలా తూస్తాండా అప్పా. శానా తింటాండానంటాది. కాటా ఒప్పుకోదు.”

“డాక్టరుకు చెప్పలేదా?”

“ఎవురూ అడగల్యా.”

మళ్లీ ఇద్దరం విడివిడిగా వేశాం. మూడు పాయింట్ ఆరు. డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టాం. అరగంటకు బీపీ మెల్లగా లేచింది. గుండె పరుగెత్తలేదు. మొదట రాసిన నా నాలుగున్నరను కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

ఆయనను ఐదు నిమిషాలు లోపలికి పంపాం. పక్కన కూర్చోలేదు, ధైర్యం చెప్పలేదు. ఆమె మోచేతి కింద అరచెయ్యి పెట్టి, కొంచెం పైకెత్తి చూశాడు. మళ్లీ మెల్లగా దించాడు.

ఎంత తూగిందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.