పద్నాలుగో నూనె రంధ్రం

బొగ్గు రాజుకుని, వేడి నూనె వాసన షెడ్డంతా కమ్ముకుంటే నాకు యాదగిరి మేస్త్రీ గారు గుర్తొస్తారు. సికింద్రాబాద్‌లో పాత ఆవిరి ఇంజన్లను నడిపి చూపించే మా మ్యూజియంలో ఆయన ఫిట్టర్. రైల్వేలో రిటైరైనా నేరేడ్‌మెట్ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవారు. నేను కొత్తగా చేరిన ఇంజనీరుని. చదువుకున్నదాన్నన్న టెక్కు కాస్త ఎక్కువే ఉండేది.

ఆ ఏడు మా చిన్న ఇంజన్‌కు గండం వచ్చిపడింది. అధికారుల ముందు సవ్యంగా నడిస్తే సరే, లేదంటే చక్రాలు బిగించేసి గేటు దగ్గర దిమ్మె మీద శాశ్వతంగా నిలబెట్టేస్తామన్నారు. నేను పట్టుబట్టి దానికి కొత్తగా నల్లరంగు వేయించాను. అది నిగనిగలాడుతుంటే తెగ మురిసిపోయాను కూడా.

తీరా అధికారులకు నడిపి చూపించాల్సిన రోజు పొద్దున, నూనె డబ్బాతో ఇంజన్ కిందికి దూరిన మేస్త్రీ గారు ఎంతకీ బయటికి రాలేదు. చివరికి తల బయటపెట్టి, "ఏందమ్మా, నూనె పోసే బొక్కలు సుత రంగుతోని మూసేసిండ్రు?" అన్నారు.

నూనె దిగకుండా నడిపితే బేరింగులు కాలిపోతాయి. అధికారులేమో అప్పటికే వచ్చి కూర్చున్నారు. "ఒక్క చుట్టేగా, మెల్లగా నడిపేద్దామా?" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన కోప్పడలేదు. "మన తొందర దానికేం తెల్సు బిడ్డా? పోయి జెర ఒక గంట ఆగమని చెప్పు."

"ఎవరి తప్పని అడిగితే?"

"నీదే అని చెప్పు. నిన్ననే చూసుకోవాల్సింది, నేను చూడలే. నా పేరు సుత చెప్పు."

వెళ్లి అలాగే చెప్పాను. పెద్ద అధికారి గడియారం చూసుకుని, మొహం చిట్లించి, చివరికి టీ తెప్పించమన్నారు. నేను చున్నీ నడుముకు బిగించి, మేస్త్రీ గారి పక్కన చేరి, సన్నటి తీగతో ఒక్కో రంధ్రం గీకాను. పదమూడు అయ్యాక లేవబోతుంటే, "ఇంకోటున్నది" అంటూ నా చెయ్యి పట్టుకుని లోపలి ఇరుకులో తడిమించారు. కంటికి కనిపించని చోట, రంగు కింద, అది వేలికి తగిలింది.

ఇంజన్ చుట్టు తిరిగి వచ్చింది. నేను అందరి ముందూ ఏడ్చేశాను. మేస్త్రీ గారు మాత్రం బేరింగులను వేళ్లతో తాకి, "చల్లగనే ఉన్నయ్" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

ఆయన ఇప్పుడు లేరు. ఇంజన్ మాత్రం ప్రతి ఆదివారం నడుస్తోంది. కొత్తగా చేరిన వాళ్లందరి చేతా నేను ముందు ఆ పద్నాలుగో రంధ్రమే తడిమిస్తాను. ఒకప్పుడు దాన్ని రంగుతో మూయించింది నేనేనని కూడా చెబుతాను.