సుశీలమ్మ పడేసిన ఆసులు

నలుగురు ఆడపిల్లల్లో ఉమారాణి ఆఖరుది. ఆమె పుట్టినప్పుడు నాయనమ్మ వాకిట్లో కూర్చుని "మళ్ల ఓడినం" అందట. ఆ మాట ఎవరు చేరవేశారో గానీ, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఉమారాణి దేనిలోనూ ఓటమి ఒప్పుకుని ఎరగదు. ఉప్పల్ పాతూరిలో పచ్చీసు ఆడినా, ఓడేటట్టుంటే గవ్వలు విసిరికొట్టి లేచేది. పెళ్లయి, నాచారం మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరాక కూడా ఆ గుణం పోలేదు. బస్సులో కిటికీ సీటు దొరక్కపోతే పూటంతా మూతి ముడుచుకునేది. "నీతోని ఎవలు పెట్టుకుంటరే" అని మొగుడు శివశంకర్ నవ్వి ఊరుకునేవాడు.

ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లుండే బిల్డింగులోనే కింది వాటా త్రివేణి ఇంట్లో పేకాట జరిగేది. పైసలతో కాదు, చింతగింజలతో. త్రివేణి కూతురు హరిత కాలేజీలో పోకర్ నేర్చుకొచ్చి వీళ్లకు నేర్పింది. చేతిలో రెండు ముక్కలు, చాప మీద అందరికీ కలిపి ఐదు. నమ్మకముంటే గింజలు పెంచాలి, లేకుంటే ముక్కలు బోర్లా పడేసి తప్పుకోవాలి. ఉమారాణి ముక్కల కంటే ముఖాలు ఎక్కువ చూసేది. మంచి ముక్క వస్తే త్రివేణి కాలి మెట్టె తిప్పుకుంటుంది, హరిత ఫోను పక్కన పెడుతుంది. గింజలన్నీ చివరికి ఉమారాణి డబ్బాలోకే చేరేవి.

అప్పుడు మూడో అంతస్తులోకి సుశీలమ్మ వచ్చింది. రాజమండ్రి వైపు మనిషి. భర్త ఉమామహేశ్వర్ మౌలాలిలో రైల్వే గార్డుగా చేసి పోయాడు. ఒక్కతే ఉంటుంది కదా అని త్రివేణి ఆటకు పిలిచింది. సుశీలమ్మ చాప మీద కూర్చోలేదు. పీట తెచ్చుకుని, గోడకు వీపు ఆనించి కూర్చుంది. ప్రతివారం అక్కడే, అలాగే. ముక్కలు చూసేది, రెండు గింజలు వేసేది, చివర్లో బోర్లా పడేసేది. ఒక్కసారీ గెలవలేదు. ఆమె ముఖం చూసి ఏదీ పట్టుకోలేకపోయింది ఉమారాణి.

ఒకరోజు రాజులొక జత, పదులొక జత పడి ఉమారాణి ఆట కొట్టింది. త్రివేణి చాయ్ పెట్టడానికి లేచినప్పుడు, ఉండబట్టలేక సుశీలమ్మ పడేసిన ముక్కలు తిప్పి చూసింది. రెండు ఆసులు. చాప మీద ఇంకో ఆసు ఉంది. మూడు ఆసులంటే రెండు జతల కన్నా పెద్ద ఆట. మూడు ఆసులు చేతిలో పెట్టుకుని ఆ ముసలావిడ తప్పుకుంది.

అంటే ఇన్నాళ్లూ తను గెలవలేదు. ఆమె గెలవనిచ్చింది. ఉమారాణికి ఒళ్లు మండిపోయింది. మెట్ల దగ్గర పట్టుకుని అడిగింది.

"ఏంది పెద్దమ్మా, నా మీద దయనా? గెలిసే ముక్కలు ఎందుకు పడేస్తవ్?"

సుశీలమ్మ రెయిలింగ్ పట్టుకుని ఆగింది. "మా ఆయన పేకాటలోనే పోయారమ్మా. చేతిలో గెలిచే ముక్కలున్నాయి. చూపించకుండానే ఒరిగిపోయారు. అప్పట్నుంచి, గెలవాలని గట్టిగా అనుకున్నవాళ్ల వెనక వచ్చి కూర్చుంటారు. ఆ ఆట ముగిసేదాకా చూద్దామని. అందుకే నేను గెలుపు జోలికి పోను."

"జర మంచిగ చెప్పు పెద్దమ్మా, మజాక్ చెయ్యకు."

"నీ వెనక ఆయన్ని చాలాసార్లు చూశాను," అందామె, మెల్లగా పైకి ఎక్కుతూ.

ఉమారాణి ఇంటికెళ్లి నవ్వుకుంది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కంపెనీలో మాత్రల పట్టీలు ముందు నుంచి సాగిపోతుంటే, మెడ వెనక ఎవరో వంగి చూస్తున్నట్టు అనిపించి రెండుసార్లు తిరిగి చూసింది.

మరుసటి ఆదివారం ముసురు పట్టింది. త్రివేణి మధ్యాహ్నమే లైటు వేసింది. ఉమారాణికి వచ్చినవి రెండు రాణులు. చాప మీద మూడో రాణి పడింది. త్రివేణి, హరిత తప్పుకున్నారు. మిగిలింది సుశీలమ్మ ఒక్కతే. ఈసారి ఎట్లాగైనా ఆమె చేత ముక్కలు బయటపెట్టించి గెలవాలి. ఉమారాణి గింజలన్నీ ముందుకు తోసింది.

నశ్యం వాసన వచ్చింది. ఆ ఇంట్లో నశ్యం పీల్చేవాళ్లు ఎవరూ లేరు. వెనక చాప అంచు మెల్లగా కుంగింది, బరువైన మనిషి మోకాలు మడిచి కూర్చున్నట్టు. ఎదురుగా సుశీలమ్మ చూపు ఉమారాణి భుజం పక్కగా పోయి ఆగింది. అయినా ఆమె చెయ్యి ఎప్పటిలాగే ముక్కలు దించడానికి కదిలింది.

ఉమారాణికి భయం వేసింది. ఆ భయం కింద ఇంకేదో కూడా కదిలింది. ఈ ఒక్క ఆట పోతే ఏమైతది? నిజంగా ఏమైతది? ఆ ప్రశ్న ఆమె పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ వేసుకోలేదు. సుశీలమ్మ కంటే ముందే తన ముక్కలు బోర్లా పడేసింది.

కుంగిన చాప లేచింది. వాసన పోయింది.

"అయ్యో, ఎందుకు పడేశావమ్మా!" సుశీలమ్మ గొంతు సన్నగా పలికింది.

"పెద్దమ్మా, నువ్వే గెలిసినవ్!" హరిత చప్పట్లు కొట్టి గింజల కుప్పను ఆమె ముందుకు జరిపింది. సుశీలమ్మ వాటిని ముట్టుకోలేదు. గోడకు ఇంకాస్త ఒత్తుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. తర్వాత లేచి, ఎవరికో దారి ఇస్తున్నట్టు గుమ్మం దగ్గర ఒక క్షణం పక్కకు ఒదిగి, బయటికి వెళ్లింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె ఆటకు రాలేదు. ఉమారాణికి మనసు ఒప్పక మూడో అంతస్తు ఎక్కింది. తలుపు తీసే ఉంది. సుశీలమ్మ ముఖం తేటగా, ఒక జబ్బు తగ్గిన మనిషిలా ఉంది.

"తప్పయింది పెద్దమ్మా. నా భయం నీ మీదికి తోలిన."

"ఫర్వాలేదులే. ఇన్నేళ్లు ఆయన్ని తప్పించుకు తిరగడమే నాకో ఆట అయిపోయింది. దాంట్లోనూ గెలవాలనే కదా చూశాను. ఇక చాలనుకున్నాను. కూర్చో."

బల్ల మీద రెండు గ్లాసుల్లో టీ పొగలు కక్కుతోంది. తన అడుగుల చప్పుడు విని పోసిందేమో అనుకుని ఉమారాణి దగ్గరున్న గ్లాసుకు చెయ్యి చాచింది.

"అది నీది కాదమ్మా," అంది సుశీలమ్మ మామూలుగా, వంటింట్లోకి నడుస్తూ. "ఉండు, నీకు వేరే పోసుకొస్తాను."

ఉమారాణి చెయ్యి వెనక్కి తీసుకుంది. బయటికి పోదామనుకుంది. పోలేదు. ఖాళీగా ఉన్న కుర్చీని వదిలిపెట్టి, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.