తొంభై ఏడు దాకా

ప్రొద్దుటూరులో బస్సెక్కినప్పటి నుంచి పక్క సీటులో ఆమె ఒళ్లో పెట్టుకున్న సంచి మీద వేలితో ఏదో రాస్తూనే ఉంది. ఉండబట్టలేక అడిగాను.

"ఏంది మేడమ్, రాస్తాండారు?"

"తొమ్మిది వేల తొమ్మిదివందల డెబ్బైమూడప్పా. నాలుగంకెల్లో అన్నిటికన్నా పెద్ద ప్రధాన సంఖ్య. దేంతో భాగించినా శేషం మిగుల్తాది. బడిలో లెక్కలు చెప్తా నేను."

"తెలిసి కూడా ఎందుకు భాగిస్తాండారు?"

"పులివెందుల ఆసుపత్రిలో నా కూతురికి ఆపరేషన్ జరుగుతాంది. వందలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో చూడాల. అందాక ఇంకేం తలుచుకోను."

నేనూ మోకాలి మీద వేలితో మొదలుపెట్టాను. పదమూడు, పదిహేడు, పంతొమ్మిది. దేనికీ లొంగలేదు.

పులివెందుల ఇంకా రాకముందే ఆమె ఫోను మోగింది. పేరు చూసి, ఫోను నా చేతిలో పెట్టింది.

"అల్లుడు. నువ్వెత్తప్పా. నాకింకా తొంభై ఏడు ఉండాది."

విన్నాను. "బాగా జరిగిందంట మేడమ్. మీ అమ్మాయి కళ్లు తెరిచిందంట," అన్నాను.

ఆమె వేలు ఆగలేదు. "శేషం డెబ్బైతొమ్మిది," అంది. అప్పుడు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పటికీ ఏదన్నా కబురు కోసం కూర్చోవాల్సి వస్తే నేను ఆ సంఖ్యనే మూడుతో భాగించడం మొదలుపెడతాను. నలభై దాటకముందే లేచి అటూ ఇటూ తిరుగుతుంటాను.