పెద్దకొడుకుల పటం

ఆంబ్రోస్ మార్లింగ్ ఇంట్లో కడగొట్టువాడు. ముగ్గురన్నదమ్ముల్లో నడిమివాడు యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. పెద్దవాడు రోలండ్‌కి పొలమూ ఇల్లూ గొర్రెలూ వచ్చాయి. ఆంబ్రోస్‌కి తండ్రిగారి జేబుగడియారం వచ్చింది, అదీ ఆగి ఆగి నడిచేది. సస్సెక్స్ గుట్టల్లో మర్యాదస్తుల ఇళ్ళ పద్ధతే అది. అన్యాయమని ఎవరూ అనలేదు, ఆంబ్రోస్ అసలే అనలేదు. నోట్లో నాలుక లేని మనిషి. బళ్ళో పిల్లలకు లాటిన్ చెప్పుకుంటూ, పెళ్ళీ పెటాకులూ లేకుండా, అన్నగారి పొలం చివరి చిన్నింట్లో ఉంటూ, అన్నగారికే అద్దె కట్టుకుంటూ ముసలివాడైపోయాడు.

ఉన్న పిచ్చి ఒక్కటే, వంశం. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి లూయిస్ పట్నం పోయేవాడు. అక్కడొక ప్లీడరు ఆఫీసు మేడమీద పాత జమీ కచేరీ కాగితాలుండేవి. కాగితాలంటే కాగితాలు కావు, గొర్రెతోలు మీద రాసి చాపల్లా చుట్టినవి, ఎనిమిదో హెన్రీ రాజు నాటివి. ఏ రైతు పోయాడు, అతని భూమి ఎవరి పేరుకి మారింది, అతను పోయినందుకు జమీకి ఏ ఎద్దును తోలిచ్చారు, అన్నీ వాటిలో ఉంటాయి. ఊళ్ళో బీరు కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళకు ఆయనంటే వేళాకోళం.

"ఏం మాస్టారూ, చచ్చినవాళ్ళతో కాపురం ఎలా ఉంది?"

"మీకంటే నయమేనయ్యా. ఎదురు మాట్లాడరు" అనేసి, రొట్టే చీజూ ముందేసుకుని ఓ మూల కూర్చునేవాడు.

ఆ పిచ్చిలోంచే పటం పుట్టింది. కింద రోలండూ అతని కొడుకూ, పైన హెన్రీ నాటి హంఫ్రీ మార్లింగ్, మధ్యలో పదకొండు తరాలు. పెద్దకొడుకు తరవాత పెద్దకొడుకు, ఎక్కడా తెగలేదు. ఆంబ్రోస్ దాన్ని తన చేత్తోనే రాసి, రంగులద్ది, అద్దం కట్టించి అన్నగారికిచ్చాడు. రోలండ్ దాన్ని పొయ్యిగూడు మీద తగిలించి, వచ్చినవాళ్ళందరి ముందూ తమ్ముడి భుజమ్మీద చెయ్యేసి "మావాడే వేశాడు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అన్న మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ రోజు ఆంబ్రోస్ ఇంటికి నడుస్తూ ఈలేశాడంటే నమ్మండి, నా చెవులారా విన్నాను.

ఇదంతా బాగానే ఉంది. కానీ గోడమీదకెక్కిన పటం ఊరుకుంటుందా? ఇంటి మీద పెత్తనం అదే చేయడం మొదలెట్టింది.

రోలండ్‌కి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు గాడ్‌ఫ్రేకి లండన్‌లో ఉద్యోగం. వచ్చినప్పుడల్లా బూట్లకు బురదంటిందని సణుగుతాడు. పట్నం వాళ్ళకి వారాంతపు ఇళ్ళు కట్టే ఆసామి ఒకడు అప్పటికే వాడి వెంట తిరుగుతున్నాడు. చిన్నది హెస్టర్. చదువు మానేసి పదిహేనో ఏటి నుంచి ఆ పొలమే తన లోకంగా బతికింది. గొర్రె ఈనలేకపోతే మోచేతిదాకా చెయ్యి పెట్టి పిల్లను తీసే పిల్ల. గాడ్‌ఫ్రే చేతికొస్తే పొలం నిలవదని చెట్టుకీ పుట్టకీ కూడా తెలుసు. రోలండ్‌కి గుండె జబ్బొచ్చి మంచమెక్కాక, హెస్టర్ ఒకసారి గుండె రాయి చేసుకుని అడిగింది.

"నాన్నా, నేనేం కావాలంటున్నాను? దున్నుకుంటానంటున్నాను. అమ్ముకుంటాననడం లేదు గదా."

రోలండ్ గోడకేసి వేలు చూపించాడు. "నాలుగొందలేళ్ళుగా పెద్దకొడుక్కే వచ్చిందమ్మా. నేనెవణ్ణి మార్చడానికి? చూడు, మీ చిన్నాన్నే రాశాడు."

ఆంబ్రోస్ అక్కడే ఉన్నాడు. టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ శీతాకాలం రోలండ్ తమ్ముణ్ణి ఇంకో నకలు రాయమన్నాడు, గాడ్‌ఫ్రే లండన్ ఇంట్లో పెట్టుకోవడానికి. ఒక తారీకు మీద అనుమానమొచ్చి ఆంబ్రోస్ మళ్ళీ లూయిస్ వెళ్ళాడు. ఎప్పుడూ విప్పని చుట్ట ఒకటి విప్పాడు. అది మార్లింగులది కాదు, హంఫ్రీ పొరుగు విధవరాలిది, అందుకే ఇన్నేళ్ళూ ముట్టలేదు. దాంట్లో ఉంది: ఆమె ముగ్గురు కొడుకుల్లో కడపటివాడికి భూమి రాశారు, "ఈ జమీ ఆచారం ప్రకారం చిన్నవాడే వారసుడు గనక" అని.

ఆంబ్రోస్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. అదే ఉంది.

హంఫ్రీ పేరు పక్కన ఏముంది? "కొడుకు, వారసుడు" అని మాత్రమే. అలా ఉంటే ఇంగ్లీషువాడెవడైనా పెద్దకొడుకనే చదువుతాడు, ఇంకోలా చదవాలని తోచను కూడా తోచదు. కానీ ఆ రోజుల్లో ఆ జమీలో పెద్దవాళ్ళు రెక్కలొచ్చి ఎగిరిపోతే, పొయ్యి దగ్గర మిగిలిన చిన్నవాడికే ఇల్లు. హంఫ్రీ చిన్నవాడు. అతని కొడుకూ చిన్నవాడే, మనవడూ చిన్నవాడే. ఆ తరవాత వాళ్ళు జమీకి డబ్బు కట్టి ఆ ఆచారం వదిలించుకున్నాకే పెద్దకొడుకులు మొదలయ్యారు. మరి పెద్దవాడేడీ? ఇంకో చుట్టలో దొరికాడు: "సైమన్, హంఫ్రీకి అన్న, హంఫ్రీ దగ్గర గొర్రెలకాపరి, పక్కవాడి చేలో మంద వదిలినందుకు రెండు పెన్నీలు జుల్మానా." అంతే. నాలుగొందలేళ్ళలో సైమన్ గురించి ఆ ఒక్క ముక్క.

పటం తప్పు. ఇక చెప్పాల్సింది ఒక్క మాట: "అన్నయ్యా, ఈ ఇంటి అసలు ఆచారం చిన్నవాళ్ళకివ్వడం." ఆ మాట హెస్టర్‌ని నిలబెట్టొచ్చు. కానీ చెప్పేవాడెవడు? ఆస్తి రాని కడగొట్టు తమ్ముడు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ఇన్నాళ్ళ కడుపుమంట ఇప్పుడు కక్కాడంటారు. అన్న ఒకే ఒక్కసారి వేసిన ఆ భుజమ్మీది చెయ్యి కూడా పోతుంది. ఆంబ్రోస్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. వారం ఊరుకున్నాడు, ఇంకో వారం ఊరుకున్నాడు. పిరికితనానికి మందులేదు గదా, దినదినం ముదురుతుంది.

ఒక పొద్దున హెస్టర్ పాల క్యాను ఇవ్వడానికొచ్చి, గుమ్మంలోనే చెప్పింది. "ఇవాళ ప్లీడరొస్తున్నాడు చిన్నాన్నా. వీలునామా మీద సంతకం."

ఆంబ్రోస్ టోపీ కూడా పెట్టుకోకుండా అన్నగారింటికి పరిగెత్తాడు. వెళ్ళేసరికి ప్లీడరు కారు వాకిట్లోనే ఉంది. మేడమీద మంచం పక్కన నిలబడి, వగరుస్తూ, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

రోలండ్ దిండు మీంచి తలెత్తి తమ్ముణ్ణి చూశాడు. తరవాత నవ్వాడు. ఆ నవ్వు వినకపోయినా బాగుండేది.

"చిన్నవాడిదా? అంటే నీదన్నమాట."

"నాకొద్దన్నయ్యా. నాకెందుకు? హెస్టర్‌కి..."

"ఓహో, హెస్టర్‌కి! ఇద్దరూ కూడబలుక్కున్నారా? నువ్వే రాశావురా ఆ పటం. నువ్వే తెచ్చి గోడకి కొట్టావు. ప్లీడరు గుమ్మంలో ఉండగా తప్పని గుర్తొచ్చిందా నీకు?"

"పదిహేను రోజులైంది తెలిసి. చెప్పలేకపోయాను."

"ఎందుకు చెప్పలేకపోయావు? నిజమైతే ఆ రోజే పరిగెత్తుకుని రావా? నాన్న పోయినప్పట్నుంచీ నీ కళ్ళు దీని మీదే ఉన్నాయని నాకు తెలుసులే." దిండు మీద తల వాల్చి అడిగాడు. "ఆ పెద్దవాడు. సైమన్. అతనేమయ్యాడు?"

"తమ్ముడి గొర్రెలు కాశాడు."

"తమ్ముడు సరిగ్గా చూసుకున్నాడా?"

"అది రాసిలేదన్నయ్యా."

"రాయరు" అన్నాడు రోలండ్. ప్లీడర్ని పైకి పిలిపించి సంతకం చేశాడు. అంతా గాడ్‌ఫ్రేకే.

కిందికి దిగేసరికి వంటింటి గుమ్మంలో హెస్టర్ నిలబడి ఉంది. అంతా విన్నది. ఆ పిల్ల మొహం చూడలేక ఆంబ్రోస్ తలొంచుకున్నాడు.

"పదిహేను రోజులు!" అంది. "ఎన్ని పూటలు పాలు తెచ్చిచ్చాను నీకు! ఒక్క పూట చెప్పుంటే నేనే నాన్న కాళ్ళమీద పడి అడిగేదాన్ని. ఇప్పుడు చూడు, నేను నీతో కుట్ర పన్నానని మనసులో పెట్టుకుని చస్తాడు మా నాన్న."

అలాగే చచ్చిపోయాడు, ఈస్టర్‌కి ముందు, గొర్రెలు ఈనే రోజుల్లో. ఆఖర్న కూతురి చేతి నీళ్ళు తాగాడే గానీ, ఆ మాటెత్తలేదు. గాడ్‌ఫ్రే వేసవికల్లా అమ్మేశాడు. గుట్ట మీద కొలతల కర్రలు పాతారు. మందను సంతకు తోలేసిన రోజు ఊళ్ళో ఒక్కరూ హెస్టర్ ఎదురు పడలేదు, ఏమని పలకరిస్తారు? గాడ్‌ఫ్రే పటాన్ని మాత్రం చిన్నాన్నకి తిరిగి పంపించాడు, తన ఇంట్లో అంత గోడ లేదని.

హెస్టర్‌కి కెంట్‌లో ఎవరిదో పెద్ద పొలంలో పని దొరికింది. గొర్రెల పనే, పరాయివాళ్ళ గొర్రెలు. వెళ్ళే రోజు పెట్టె పట్టుకుని, కుక్కను వెంటేసుకుని ఆంబ్రోస్ ఇంటికొచ్చింది. కోపం తగ్గలేదు, అయినా వచ్చింది. ఆయన టీ పెడుతుంటే, గోడకానించి ఉన్న పటం ముందు గొంతుక్కూర్చుని పైనుంచి కిందిదాకా వేలితో చూసుకుంటూ వచ్చింది. రోలండ్ దగ్గరాగింది. రోలండ్ కింద గీత. గీత కింద గాడ్‌ఫ్రే.

"నా పేరేది చిన్నాన్నా?"

ఆంబ్రోస్ టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. వారసుల్నే రాశాడు. అంతకంటే ఎవర్నీ రాయాలని ఎప్పుడూ అనుకోలేదు. వీలునామా అన్నగారిదే గానీ, ఆ పిల్లను పటంలోంచి తీసేసింది తనే.

"రాస్తానమ్మా. ఇప్పుడే రాస్తాను. గాడ్‌ఫ్రే పక్కన..."

"అక్కడొద్దు." లేచి గౌను దులుపుకుంది. "ఆ గొర్రెలు కాసినాయన్ని రాస్తావా ఎప్పుడైనా?"

"సైమన్నా? రాయాలి."

"నన్నాయన పక్కన రాయి."

బస్సు వేళైందని టీ తాగకుండానే వెళ్ళిపోయింది. ఆంబ్రోస్ అద్దం ఊడదీసి, పటాన్ని బల్ల మీద పరిచాడు. హంఫ్రీ పక్కన సైమన్ పేరు రాశాడు. తరాల లెక్క తప్పినా సరే, దాని పక్కనే హెస్టర్ అని రాసి, సిరా ఆరేదాకా అక్కడే కూర్చున్నాడు.