రాయచోటిలో రక్తం లేని మాస్టారు

ఒక ఆదివారం పొద్దున పది గంటలకు నేను చచ్చిపోయాను. సాయంత్రం నాలుగుకు మళ్ళీ బతికాను. మధ్యలో ఆ ఆరు గంటలు పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. దాన్ని తెచ్చిపెట్టిన తెలివి మాత్రం అచ్చంగా నాదే, అందులో ఎవరికీ వాటా లేదు. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా ఇంట్లో వాళ్ళు నవ్వగా మిగిలిందే మీకు పెడుతున్నాను.

అప్పటికి నేను రాయచోటిలో ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం మాస్టారుగా చేరి మూడు వారాలైంది. సోమవారం తొమ్మిదో తరగతికి పాఠంలో భాగంగా మైక్రోస్కోపులో రక్తకణాలు చూపించాలి. చిక్కేమిటంటే, డిగ్రీలో నేను మైక్రోస్కోపును చూశాను గానీ మైక్రోస్కోపులోంచి ఏమీ చూడలేదు. తరగతి మొత్తానికి ఒకటే ఉండేది. నా వంతు వచ్చేసరికి గంట కొట్టేవాళ్ళు. రికార్డులో బొమ్మలు పక్కవాడివి చూసి గీశాను. పక్కవాడు ఎవరివి చూసి గీశాడో ఆ దేవుడికే ఎరుక. అందుకే శనివారం బడిలో బతిమాలుకుని ఆ యంత్రాన్ని ఆటోలో, పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఇంట్లో నేనూ, బట్టలు కుట్టే మా అక్కా ఉంటాం. ఆదివారం పొద్దున ముందుగా ఉల్లిపొర పెట్టి చూశాను. ఇటుకలు పేర్చినట్టు కణాలు వరసగా కనిపించాయి. ఇక ఈ విద్యలో నన్ను మించినవాడు జిల్లాలో లేడనుకున్నాను. కొంప మునిగేది సరిగ్గా అలాంటి క్షణంలోనే.

ఇక్కడ మా ఇంటి నీళ్ళ సంగతి మీకు చెప్పాలి. మా వీధి బోరు నీళ్ళతో పప్పు వండితే వేరే ఉప్పు వేసే పని లేదు. అవి స్నానానికీ గిన్నెలకూ. తాగడానికి మూడు రోజులకోసారి క్యాన్ వస్తుంది. అక్క ఆ క్యాన్‌ను నెయ్యి డబ్బాలా కాపలా కాస్తుంది. పుస్తకంలో చూస్తే, రక్తం చుక్కకు ఉప్పునీళ్ళు కలపమని రాసి ఉంది. నాకు నవ్వొచ్చింది. ఇది రాసినాయన ఇంటికి క్యాన్ రాదు కాబోలు, పాపం! ఇంటికొచ్చిన చుట్టానికి మనం బోరు నీళ్ళిస్తామా? నా రక్తం నాకు చుట్టం కంటే తక్కువా?

కొత్త సూదితో వేలు పొడుచుకుని, చుక్కను గాజుపలక మీద పెట్టి, క్యాన్ నీళ్ళు ధారాళంగా కలిపి, కన్ను ఆనించాను. ఏమీ లేదు. లేత గులాబీ రంగు మైదానం, అంతే. మరో వేలు పొడుచుకున్నాను. మళ్ళీ అదే. మూడో వేలు, నాలుగో వేలు. అప్పుడు నాకు ఒళ్ళు చల్లబడటం మొదలైంది.

యంత్రం చెడిందేమోనన్న ఆశతో అక్కను వేలు చూపమన్నాను. సూదులతోనే బతికే మనిషి, భయపడకుండా చూపింది. కానీ నేను క్యాన్ వైపు చెయ్యి చాచగానే చేతి మీద ఒక్కటి వేసింది.

“తాగే నీళ్ళు అట్ల పారబోస్తాండావేంరా? క్యాన్ మళ్ళా ఎల్లుండికి గానీ రాదు. బకెట్లో బోరు నీళ్ళు ఉండాయి, పోసుకో.”

పోశాను, చూశాను. బాండలి నూనెలో నిప్పట్లు తేలినట్టు గుండ్రటి ఎర్రకణాలు, లెక్కలేనన్ని! కాస్త ఉబ్బినట్టున్నాయి గానీ దిట్టంగా ఉన్నాయి. అంటే యంత్రం బాగుంది. అక్క బాగుంది. బాగాలేనిది నేనే. నా ఒంట్లో ఒక్క ఎర్రకణం కూడా లేదు.

ఇక కాలు నిలవలేదు. వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి. అద్దంలో నాలుక చూసుకున్నాను, కనురెప్ప తిప్పి చూసుకున్నాను, నాడి పట్టుకున్నాను. పరుగెత్తినవాడి నాడి పరుగెత్తకేం చేస్తుంది? అది చూసి ఇంకా భయం వేసింది. అక్కతో విషయం చెప్పాను. ఆమె కుట్టుమిషను ఆపలేదు.

“పొద్దున మూడు సంగటి ముద్దలు తిన్నోనికి రగతం లేదంటే ఎవురు నమ్ముతారు?” అంది.

నమ్మకపోతే మానె. నాకు అసలు బాధ వేరే ఉంది. వచ్చే శుక్రవారం నాకు కడప అమ్మాయి రేష్మాతో పెళ్ళి నిశ్చయం. రెండుసార్లు ఫోనులో మాట్లాడాను. ఆ రెండు మాటలతోనే, చేసుకుంటే ఈమెనే చేసుకోవాలని గట్టిగా అనుకున్నాను. అలాంటి పిల్ల గొంతు కోస్తానా? చావు నా ఒక్కడితో పోవాలి. గాజుపలకలు ఒక మిఠాయి డబ్బాలో పెట్టుకుని కడప బస్సెక్కాను.

గువ్వలచెరువులో బస్సు ఆగింది. పాలకోవా కొన్నాను, ఆఖరి కోరిక కదా అని. అది ఎంత బాగుందంటే, దిగి ఇంకో రెండు తెచ్చుకున్నాను. ఘాటు రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా కళ్ళు తిరిగాయి. కణాలు లేని లోటే అనుకున్నాను గానీ కోవా సంగతి తట్టలేదు.

రేష్మా కడపలో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. ఆ రోజు డ్యూటీలో ఉంది. తెల్లకోటు వేసుకుని, చేతులకు తొడుగులతో నన్ను చూసి ఆశ్చర్యపోయింది. బస్సులో నేర్చుకున్న ఉపన్యాసమంతా మరిచిపోయి ఒకే ముక్క చెప్పాను. “శుక్రవారం నిశ్చయం వద్దు. నా ఒంట్లో ఎర్రకణాలు లేవు.”

“ఎన్ని లేవు?”

“ఒక్కటి కూడా లేదు.”

ఆమె ముఖం మాడిపోయింది. “నేను నచ్చలేదని చెప్తే సరిపోయే గదా. దానికి ఇంత పెద్ద రోగం ఎందుకు తెచ్చుకున్యారు?”

అప్పుడు నాకు నిజంగానే ప్రాణం పోయినట్టయింది. నచ్చలేదా! నచ్చబట్టే కదమ్మా కోవా తింటూ ఏడుస్తూ యాభై కిలోమీటర్లు వచ్చింది! మిఠాయి డబ్బా తెరిచి చూపించాను. మిఠాయి ఉంటుందనుకున్న పిల్ల ఒక గాజుపలక తీసి వెలుతురుకు ఎత్తి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

“దీంట్లో ఏం నీళ్ళు పోసినారు?”

“క్యాన్ నీళ్ళే. శానా మంచివి.”

“మీ అక్క చుక్కలోకి?”

“బోరు నీళ్ళు. ఆమె క్యాన్ ముట్టనీలేదు.”

రేష్మా కుర్చీలో కూలబడింది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని ఓదార్చబోయాను. తీరా చూస్తే నవ్వు. నవ్వు ఆగాక నా వేలు పొడిచి, సీసాలోని సెలైన్ ఉప్పునీళ్ళు కలిపి, నన్నే చూడమంది. చూశాను. నిప్పట్లు! నావి! దిట్టంగా, గుండ్రంగా, పెళ్ళికి తరలినట్టు గుంపులు గుంపులుగా!

కణం లోపల ఉప్పు ఉంటుందట. బయట ఉత్త తాగే నీళ్ళు పోస్తే అవి పలచటి పొర దాటి లోపలికి దూరుతాయట, అది పగిలేదాకా. మా బోరు నీళ్ళలోని ఉప్పు అక్క కణాలను కాపాడింది. నా మర్యాద నా కణాలను చంపింది. అతి మర్యాద ప్రాణానికి చేటంటే ఇదే. ఇంతా చెప్పి ఆమె ఒకటే అడిగింది.

“రేపు పిల్లోళ్ళకు చెప్పే పాఠం పేరేమి సార్?”

“ద్రవాభిసరణం,” అన్నాను, నేల చూస్తూ. నీళ్ళు పొర దాటి లోపలికి పోయే ఆ సంగతికి పుస్తకంలో ఉన్న పేరు అదే.

ఆమె మళ్ళీ నవ్వింది. శుక్రవారం మాటెత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. మెట్ల దాకా వచ్చి ఆమే అంది, “శుక్రవారం రాండి. డబ్బాలో ఈసారి మిఠాయి తెచ్చుకోండి.”

శుక్రవారం వాళ్ళింట్లో పెద్దలందరి ముందు కూర్చున్నాను. చెమటలు పడుతున్నాయి. రేష్మా గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను ఆ గ్లాసు వైపు అనుమానంగా చూస్తుంటే, వంగి నాకు మాత్రమే వినపడేట్టు అంది.

“తాగండి. నోట్లో పోసుకుంటే పగలవు.”

గటగటా తాగేశాను. ఆ గ్లాసు సాక్షిగా ఒట్టు వేసుకున్నాను: ఈ జన్మలో నా రక్తానికి మర్యాద చేయను, అక్క చెప్పిన నీళ్ళను కాదనను, రేష్మా పరీక్ష చేసి చెప్పేదాకా చావను.