వల్లెవేసిన తప్పు

లెక్కల టీచరమ్మకు జిగురు కంపంటే పరమ అసహ్యం. తడిసిన డస్టర్ వాసననూ, స్టాఫ్ రూములో అడుగంటిన టీ కప్పుల వాసననూ ఎలాగో భరించేది కానీ, జిగురు కంపు ముక్కుకు తగిలితే మాత్రం ఆమెకు ఆ రోజు అన్నం సయించేది కాదు. బడిలో జిగురు కంపు కొట్టిందంటే ఎవరో పెద్దలు వస్తున్నారన్నమాట. ఏడాది పొడుగునా బోసిగా ఉన్న గోడలకు అప్పుడు రంగు కాగితాలు మొలుస్తాయి. ఎవరూ ముట్టని గ్లోబు దుమ్ము దులుపుకుని బల్ల మీదికి ఎక్కుతుంది. పాఠం చెప్పడం మానేసి టీచర్లందరూ కత్తెరలు పట్టుకుంటారు.

"పైన పటారం, లోన లొటారం," అనుకుంటూ ఆమె చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఆ మాట పైకి అన్నా వినే నాథుడు లేడు.

అయితే ఈసారి గోడ మీద అతికిస్తున్నది ఆమె సొంత మాటే. పెద్ద పెద్ద అక్షరాలతో, చుట్టూ కాగితపు పూలతో: "తప్పుకు స్వాగతం."

ఆ మాట వెనక ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె కూడా అందరిలాంటి టీచరే. తప్పు చెప్పిన చేతి మీద స్కేలుతో ఒకటి వేసి, సరైన జవాబు బోర్డు మీద రాసి, ముందుకు సాగిపోయేది. కొన్నాళ్లకు సుద్దపొడి పడక దగ్గి దగ్గి గొంతు పూర్తిగా మూగబోయింది. ఒక పిల్ల లెక్క తప్పు చేస్తే తిట్టడానికి నోరు పెగల్లేదు. ఆ తప్పు మీద వేలు పెట్టి, ఎలా వచ్చిందన్నట్టు తల ఎగరేసింది. ఆ పిల్ల చెప్పుకొచ్చింది. వింటుంటే టీచరమ్మకు ఒళ్లు జలదరించింది. ఆ తప్పు గుడ్డిగా పడినది కాదు. దానికీ ఒక దారి ఉంది. ఆ దారి వెంట వెనక్కి నడిస్తే పిల్ల ఎక్కడ మలుపు తప్పిందో తెలుస్తోంది.

గొంతు తిరిగి వచ్చింది. దగ్గు మాత్రం పోలేదు, ఆ అలవాటూ పోలేదు. అప్పటినుంచి ఆమె తరగతిలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట "ఎలా వచ్చింది, చెప్పు?" అన్నదే. స్కేలు గీతలు గీయడానికి మాత్రమే మిగిలింది. ఎవరైనా జంకితే "తప్పుకు స్వాగతం" అని నవ్వేది.

ఆ మాటకు ఎంతకీ లొంగని పిల్ల ఒకతె ఉండేది. వెనక బెంచీలో గోడకు అతుక్కుని కూర్చునేది. సన్నగా, గడగడలాడుతూ ఉండేది కాబట్టి అందరూ పిచ్చుక అనేవారు. లెక్క చేసేటప్పుడు మోచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరైనా దగ్గరికి వస్తే కాగితం మీద బోర్లా పడుకునేది. టీచరమ్మ నెలల తరబడి ఆ మోచెయ్యి చుట్టూ తిరిగింది. చివరికి ఒకనాడు, సగానికి మూడో వంతు కలిపితే ఎంత అని అడిగినప్పుడు, వెనక నుంచి సన్నని గొంతు వినబడింది.

"ఐదింట రెండు టీచర్."

"ఎలా వచ్చింది, చెప్పు?"

"పైవి పైవి కలిపా, కిందవి కిందవి కలిపా."

టీచరమ్మ ఒక కాగితం పట్టీని సగానికి చింపి పిచ్చుక చేతికిచ్చింది. అంతే పొడవున్న ఇంకో పట్టీలో మూడో వంతు ముక్క దాని పక్కన పెట్టింది. "నీ సగానికి ఇంకో ముక్క కలిసింది. ఇప్పుడు సగం కన్నా పెరిగిందా, తగ్గిందా?"

పిచ్చుక చాలాసేపు ఆ ముక్కల్నే చూసింది. "పెరిగింది. కానీ ఐదింట రెండంటే సగం కన్నా తక్కువ కదా టీచర్? మరి నేను కలిపానా, కోసేశానా?" అని పకపకా నవ్వేసింది. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల బడిలో నవ్వడం అదే మొదలు.

సరిగ్గా ఆ పూటే, శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన కళ్లజోడు మేడమ్ గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసింది. చూసి మురిసిపోయింది. ఆ పద్ధతికో పేరు పెట్టింది, మెట్లు పెట్టింది, బాణం గుర్తులు గీసింది. చుట్టుపక్కల బడుల టీచర్లందరి ముందూ ఈ పాఠం మరోసారి చెప్పి చూపించాలంది. బాగా వస్తే టీచరమ్మను కేంద్రంలోకే తీసుకుంటారట. ఇక అక్కడ టీచర్లకే పాఠం చెప్పాలి. కుర్చీ, ఫ్యాను, సుద్దపొడి లేని తెల్ల బోర్డు.

"ఇంకేం ఆలోచిస్తావు?" అంది ఇంట్లో వదిన, ఆమె భర్తకు అక్క, నోటికి తాళం లేని మనిషి. "పొద్దస్తమానం ఖళ్లుఖళ్లుమని దగ్గి దగ్గి నువ్వే సుద్దముక్కలా అరిగిపోయావు. మా తమ్ముడికి మిగిలేది పొడే."

"పాఠం మళ్లీ అలాగే వస్తుందా వదినా? అది అనుకోకుండా వచ్చింది."

"వంట మళ్లీ మళ్లీ అలాగే రావట్లా? నాకైతే రోజూ ఒకేలా మాడుతుంది."

టీచరమ్మ నవ్వింది. ఆ కుర్చీ మీద ఆమెకూ ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం.

మర్నాటి నుంచి హెడ్మాస్టరు ఏర్పాట్లు మొదలుపెట్టాడు. ఆయనకు కంగారు ఎక్కువ, చెమట అంతకన్నా ఎక్కువ. మాట్లాడుతూనే బిస్కెట్లు నములుతాడు, పొడి రాలుతుంటుంది.

"పాఠం బ్రహ్మాండం అమ్మా. కానీ తప్పు చెప్పేది ఆ పిచ్చుక కాకూడదు. మన ఫస్టు ర్యాంకు అమ్మాయి చెప్తుంది. స్పష్టంగా ఉంటుంది."

"దానికి తప్పు రాదు కదండీ!"

"నేర్పండి."

టీచరమ్మ తన చెవులను తాను నమ్మలేదు. "తప్పు నేర్పాలా సార్?"

"వెనక బెంచీ వాళ్లందరినీ ఆ పూట సామాన్ల గదిలో కూర్చోబెడదాం. ఏమడిగినా నీళ్లు నములుతారు, బడి పరువు తీస్తారు."

"తప్పులు చేసేవాళ్లని దాచేసి, తప్పులకి స్వాగతమని బోర్డు కడతామా?"

"తప్పు కూడా నీటుగా ఉండాలమ్మా," అన్నాడు ఆయన, మీసానికి అంటిన బిస్కెట్ పొడి తుడుచుకుంటూ. "మీకు కేంద్రానికి వెళ్లాలని ఉందా, లేదా?"

టీచరమ్మ లేదు అని ఒక్క మాట అనాల్సింది. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక "సరే సార్" అంది. ఆ మాట తన నోటి నుంచి వచ్చిందా, పక్క గదిలోంచి వచ్చిందా అన్నట్టు కాసేపు నిలబడిపోయింది.

తప్పును వల్లె వేయించారు. ఫస్టు ర్యాంకు అమ్మాయి రాకపోతే అందుకోవడానికి ముందు బెంచీలో వాగుడుకాయ అనే కుర్రాడికి కూడా నేర్పారు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ తల గోక్కోవాలి, ఎక్కడ నవ్వాలి, అన్నీ. పిచ్చుక నవ్విన నవ్వును ఆ కుర్రాడి చేత నవ్వించి, "ఇంకొంచెం సహజంగా" అన్నాడు హెడ్మాస్టరు. టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది.

ఆ రోజు రానే వచ్చింది. సామాన్ల గదికీ తరగతికీ మధ్య ఉన్నది చెక్క అడ్డుగోడ. లోపల విరిగిన బెంచీలు, ఎలుకల కంపు, బూజు. వెనక బెంచీ పిల్లల్ని ఆమే అక్కడికి తీసుకెళ్లింది.

"ఇక్కడేం చెయ్యాలి టీచర్?" అని అడిగింది పిచ్చుక.

"కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలి."

"మరి ఆ పాఠం నాదే కదా? కాగితం ముక్కలది. నేను చెప్పొద్దా?"

టీచరమ్మ తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

తరగతి గదిలో అత్తరు వాసన, జిగురు కంపు కలిసిపోయాయి. వెనక వరసలో ఇతర బడుల టీచర్లు మోకాళ్ల మీద కాగితాలు పెట్టుకుని కూర్చున్నారు. ఒకాయన అప్పుడే ఆవలిస్తున్నాడు. కళ్లజోడు మేడమ్ చిరునవ్వుతో తల ఊపింది. టీచరమ్మ బోర్డు మీద రాసి అడిగింది.

ఫస్టు ర్యాంకు అమ్మాయి లేచింది. నోరు తెరిచింది. పుట్టి బుద్ధెరిగి ఆ పిల్ల పదిమందిలో తప్పు చెప్పి ఎరగదు.

"ఆరింట ఐదు టీచర్," అంది.

వెనక హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు.

"బాగా ఆలోచించుకో," అంది టీచరమ్మ. సరైన జవాబు చెప్పిన పిల్లతో ఆ మాట అంటుంటే నాలుక మీద చేదు తగిలింది.

"ఆరింట ఐదే టీచర్. నాకు వచ్చు." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక ఆగలేక వాగుడుకాయ ఎగిరి లేచాడు. ఎవరూ అడగకుండానే ఒక్క గుక్కలో అప్పజెప్పేశాడు. "ఐదింట రెండు టీచర్ పైవి పైవి కలిపా కిందవి కిందవి కలిపా మరి నేను కలిపానా కోసేశానా!" అని తల గోక్కుని, పకపకా నవ్వాడు. కాగితం ముక్కలు ఇంకా టీచరమ్మ చేతిలోనే ఉన్నాయి.

ఆ ముక్కలు చూపించి అడగకముందే జవాబు వచ్చేసిందని ఒక్కరికీ తట్టలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవలించే ఆయన నిద్రలేచి మరీ కొట్టాడు. "ఎంత సహజంగా ఉందో చూశారా!" అంది కళ్లజోడు మేడమ్.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ చెక్క గోడకు నిజంగానే ఉన్నాయి. చప్పట్లు ఆగాక దాని అవతల నుంచి చిన్న చప్పుడు వినబడింది. ఎవరో బెంచీని గోడకు దూరంగా జరుపుకుంటున్నారు.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు టీచరమ్మ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆయన చెయ్యి తడిగా, జిగురుగా ఉంది. "మీరు కేంద్రానికి ఖాయం. మేడమ్ చెప్పేసింది." టీచరమ్మ కుళాయి దగ్గరికెళ్లి చాలాసేపు చేతులు కడుక్కుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తానే తిట్టుకుంది.

మర్నాడు తరగతి ఎప్పటిలా నిండింది. ఆమె బోర్డు మీద పావుకు పావు కలిపితే ఎంత అని రాసింది. వెనక బెంచీ వైపు నడిచింది. పిచ్చుక మోచెయ్యి అడ్డంగా పడింది. కాగితం మీద బోర్లా పడుకుంది.

"ఎంత వచ్చిందమ్మా?"

మోచెయ్యి కాగితానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఎంత వచ్చినా పర్లేదు. ఎలా వచ్చిందో చెప్పు చాలు."

పిచ్చుక తల ఎత్తకుండానే అడిగింది. "మళ్లీ ఎవరైనా వస్తున్నారా టీచర్?"

నెలల తరబడి తను తిరిగి తిరిగి తొలగించిన మోచెయ్యి, ఒక్క పూటలో మళ్లీ మొదటికొచ్చింది. పైగా ఈసారి ఆ పిల్లకు కారణం ఉంది. టీచరమ్మ గోడ దగ్గరికెళ్లి ఆ కాగితపు పూల చార్టును కింది నుంచి పట్టుకుని పీకేసింది. జిగురు గోడ సున్నాన్ని కూడా ఊడదీసింది. ఆమె దానిని ఉండచుట్టి, చేతిలోనే పట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

"నేను కేంద్రానికి వెళ్లను సార్. ఆ మాట మేడమ్‌కి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

బిస్కెట్ ఆయన నోటి దగ్గరే ఆగిపోయింది. "పిచ్చా మీకు? ఎందుకు?"

"అక్కడికెళ్లి టీచర్లకి నేనేం నేర్పాలి సార్? తప్పు వల్లె వేయించడమా?"

"ఇదంతా మామూలేనమ్మా. ప్రతి బడిలోనూ ఇంతే."

"అందుకే వాంతి వస్తోంది," అని ఆ ఉండను ఆయన చెత్తబుట్టలో వేసి తిరిగి వచ్చింది.

ఇంట్లో వదిన విని తల కొట్టుకుంది. "ఆ దగ్గు నిన్ను, నువ్వు మమ్మల్ని చంపుతారు," అని వేడినీళ్లు కాచి చేతికిచ్చింది.

ఆ తర్వాత చాలా రోజులు పిచ్చుక నోరు విప్పలేదు. టీచరమ్మ అడగడం మానలేదు. రోజూ వెనక బెంచీలో ఆ పిల్ల పక్కనే కూర్చుని, సున్నం ఊడిన ఆ గోడ వైపు చూస్తూ, దగ్గుతూ, తన సొంత కాగితం మీద లెక్కలు చేసేది. ఒకనాడు పావుకు పావు కలిపి ఎనిమిదింట రెండు అని రాసుకుని, రెండు కాగితం ముక్కలు పక్కపక్కన పెట్టుకుని ఊరికే కూర్చుంది.

చాలాసేపటికి పక్కనున్న మోచెయ్యి కొంచెం జరిగింది.

"అది మళ్లీ పావే కదా టీచర్," అంది పిచ్చుక, గోడకు వినబడకుండా. "మీకు ఎలా వచ్చింది, చెప్పండి?"