పంతెలేయ్ పగలని గుడ్డు

కరాకోల్ బజారులో ఉన్ని బూట్లు అమ్మే గ్లఫీరా పిన్ని, ఈస్టర్ పొద్దున గుడ్డుతో గుడ్డు కొట్టే పందెంలో ఏటా ఓడిపోతుంది. ఈసారీ ఉల్లిపొట్టుతో ఎర్రగా ఉడికించిన ఆమె గుడ్డే పగిలింది. పక్కింటి పంతెలేయ్ మీసం మెలేశాడు. నాకు ఒళ్లు మండి, అతని గుడ్డు లాక్కుని చూశాను. రంగేసిన కొయ్యగుడ్డు!

"సిగ్గులేదూ? పండగపూట మోసమా!" అని అరిచాను.

పిన్ని మాత్రం కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. తన గుడ్డు వలిచి, సగం అతని చేతిలో పెట్టింది.

"తినరా నాయనా! పగలని గుడ్డు ఎవడి కడుపు నింపుతుంది? మనకోసం సిలువెక్కినాయన సమాధి కూడా అలాగే మూసుకుని ఉండిపోతే, ఇవాళ మనకి పండగెక్కడిది?"